తలలు తెగే కామిక్స్ చదివితే మనసెందుకు కుదుటపడుతుంది?

బ్యాంకు కౌంటర్లో రోజంతా మాటలు పడి ఇంటికొచ్చాక, కత్తి పట్టి దేశాలు తిరిగే మొరటు వీరుడు కోనన్ పాత కామిక్స్‌లో ఒక కథ చదివితే గానీ నిద్ర పట్టడం లేదని మీరు ఉత్తరంలో రాశారు. “ఆ నరుకుళ్ళు చూస్తూ మీకు నిద్రెలా వస్తుందండీ” అని ఇంట్లో అడిగితే చెప్పడానికి ఏమీ తోచలేదన్నారు. ఇలాంటివి ఇంకేం చదవొచ్చో చెప్పమని కూడా అడిగారు. నేను పిల్లల పత్రికలకు బొమ్మలు వేసి బతికేవాణ్ణి. ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద దొరికిన సంచికలతో మొదలైన ఈ పిచ్చి ఇప్పుడు ఇంట్లో ఒక బీరువాని మింగేసింది. కాబట్టి సమాధానం కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిక పట్టండి.

దీనికి అందరూ చెప్పే జవాబొకటి ఉంది. మేనేజర్ని మనం ఏమీ అనలేం, కోనన్ ఎవణ్ణయినా అడ్డంగా నరికేస్తాడు, అలా మన కసి తీరుతుంది అని. నాకిది నమ్మబుద్ధి కాదు. కసి తీరడమే అయితే నెత్తురు పారే ప్రతి కామిక్సూ జోలపాటలా పనిచెయ్యాలి. ఎనభైల చివర్నుంచి అమెరికాలో వచ్చిన చీకటి సూపర్‌హీరో కథల్లో నెత్తురుకేం తక్కువ లేదు, కానీ అవి చదివి పడుకుంటే అర్ధరాత్రి లేచి కూర్చోవాలి. పైగా కోనన్ కసితో నరికేది తక్కువ. దారికడ్డమొస్తే నరుకుతాడు, పని కాగానే మర్చిపోయి అన్నం ఎక్కడ దొరుకుతుందో వెతుక్కుంటాడు.

నా లెక్కలో అసలు సంగతి బాకీ. ఈ కథలు చదివేవాడి నెత్తిన ఏ బాకీ పెట్టవు. మీ ఉద్యోగమంతా మనుషుల బాకీల చుట్టూ తిరిగేదే కాబట్టి మీకిది నాకన్నా గట్టిగా తగిలి ఉంటుంది.

ముందు కథ పుట్టుక చూడండి. కోనన్‌ని సృష్టించిన రాబర్ట్ హోవార్డ్ 1906లో టెక్సస్‌లో పుట్టాడు. క్రాస్ ప్లెయిన్స్ అనే చిన్న ఊళ్ళో అమ్మానాన్నలతో ఉంటూ చవక కాగితం పత్రికలకు కథలు రాసి సంపాదించేవాడు. 1932 డిసెంబర్ ‘వియర్డ్ టేల్స్’లో కోనన్ మొదటి కథ అచ్చయింది. ఆ మొదటి కథలోనే కోనన్ నడివయసు దాటుతున్న రాజు. అక్విలోనియా అనే కల్పిత రాజ్యం సింహాసనం మీద కూర్చుని దస్తావేజులూ దర్బారులూ చూసుకోలేక విసుగెత్తిపోయి ఉంటాడు. దొంగగా, ఓడదోపిడీగాడిగా, కిరాయి సైనికుడిగా తిరిగిన రోజుల కథలు ఆ తర్వాత వచ్చాయి, అవీ ఒక వరస లేకుండా. సాహసాలు చేసినవాడు తన కథలు చెబితే గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు చెబుతాడు గానీ ఏళ్ళవారీగా పేర్చి చెప్పడు కదా అని హోవార్డ్ ఒక ఉత్తరంలో సమర్థించుకున్నాడు కూడా.

దీనివల్ల పాఠకుడికి జరిగిన మేలు మామూలుది కాదు. కోనన్ పాముల గుంటలో పడ్డా, ఎడారిలో శిలువకి కొట్టి వదిలేసినా, వీడు రాజవుతాడని మనకు ముందే తెలుసు. భయం ఉంటుంది గానీ బెంగ ఉండదు. నిద్రకు ముందు చదివే పుస్తకానికి ఇంతకు మించిన గుణం నాకు తెలీదు.

కామిక్ సంగతికొస్తే, అమెరికాలో కామిక్స్ వేసే మార్వెల్ సంస్థ ‘కోనన్ ది బార్బేరియన్’ మొదటి సంచిక మీద తేదీ 1970 అక్టోబర్. రాసింది రాయ్ థామస్. ప్రచురణకర్త మార్టిన్ గుడ్‌మన్ హక్కుల కోసం సంచికకు 150 డాలర్ల దాకా ఇవ్వొచ్చన్నాడు. థామస్ ఇంత తక్కువా అని సిగ్గుపడి హోవార్డ్ వారసుల ఏజెంటుకు 200 ఇస్తానని రాసేశాడు. ఆ తేడా ఎక్కడో పూడ్చాలి కదా! దాంతో పేజీకి ఎక్కువ తీసుకునే జాన్ బ్యుసెమాని పక్కనపెట్టి, ఇరవయ్యొక్కేళ్ళ ఇంగ్లండు కుర్రాడు బారీ స్మిత్ చేత వేయించారు. ఆ కుర్రాడే తర్వాత బారీ విండ్సర్-స్మిత్ అయ్యాడు. మొదటి సంచికల్లో సూపర్‌హీరో బొమ్మలే వేసినవాడు, ఏడాది తిరిగేసరికి గోడల మీద లతలు, తివాచీల్లో నేత, మేఘాల్లో మెలికలు నింపడం మొదలుపెట్టాడు. కరువులో తీసుకున్న నిర్ణయం కళకు కలిసొచ్చింది.

ఆ వరసలో నాలుగో సంచిక ‘టవర్ ఆఫ్ ది ఎలిఫెంట్’ మీ దగ్గర ఉందో లేదో. లేకపోతే సంపాదించండి, నేను చెప్పదలచుకున్నదంతా అందులో ఉంది. కోనన్ ఇంకా కుర్రాడు, దొంగతనానికి కొత్త. ఊరి మధ్యలో యారా అనే మాంత్రికుడి బురుజు, అందులో ఏనుగు గుండె అనే రత్నం. కల్లంగడిలో దాని మాట విని, రాత్రికి రాత్రే గోడ దూకుతాడు. తోటలో ఇంకో దొంగ ఎదురవుతాడు, టారస్ అని, పేరు మోసిన ఘనుడు. నల్ల తామర పొడి ఊది సింహాల్ని చంపుతాడు, చనిపోయిన ఆడవాళ్ళ జుట్టుతో పేనిన తాడు పట్టుకుని పైకెక్కుతాడు. ఇన్ని విద్యలున్నవాడు తలుపు తీసి లోపల అడుగు పెట్టగానే సాలీడు కాటుకు పోతాడు. కోనన్ ఎలాగో సాలీణ్ణి చంపి ఇంకో గదిలోకి వెళితే, అక్కడ ఏనుగు తల, మనిషి ఒళ్ళు ఉన్న ఆకారం కూర్చుని ఉంటుంది. మనవాళ్ళకు ఆ పేజీ దగ్గర చేతులు వాటంతటవే జోడుపడతాయి. కోనన్ కూడా మొదట దాన్ని విగ్రహమే అనుకుంటాడు.

అది విగ్రహం కాదు, వేరే లోకం నుంచి ఎగిరొచ్చిన ప్రాణి. యారాకి మంత్రవిద్య నేర్పింది అదే. నేర్చుకున్నాక వాడు దాన్ని బంధించి, కళ్ళు పొడిచి, రహస్యాల కోసం ఏళ్ళ తరబడి హింసిస్తున్నాడు. ఆ గుడ్డి కళ్ళ కన్నీళ్ళు చూసి, దొంగతనానికి వచ్చిన మొరటు కుర్రాడు సిగ్గుపడతాడు. మనుషులు చేసిన పాపమంతా తన మీద పడ్డట్టు నిలబడిపోతాడు. అది కోరినట్టే దాని ప్రాణం తీసి, గుండె రక్తం రత్నం మీద పిండి, ఆ రత్నాన్ని తీసుకెళ్ళి యారా ముందు పెడతాడు. యారా చిన్నవాడై, ఇంకా చిన్నవాడై రత్నంలోకి జారిపోతాడు. బురుజు కూలుతుంది. తెల్లవారుజామున కోనన్ వట్టి చేతులతో నడిచి వెళ్ళిపోతాడు.

ఇంతే కథ. రత్నం దక్కలేదు, పేరూ రాలేదు. చూసినవాడు కూడా లేడు. అయినా కథ వెలితిగా ఉండదు, ఎందుకంటే జరగవలసింది జరిగింది. యారాకి శిష్యుడు పగ తీర్చుకోవడానికి వస్తాడేమో, బురుజు కింద ఇంకేదో నిద్రలేస్తుందేమో అని మనం తర్వాతి సంచిక కోసం గోళ్ళు కొరుక్కోనక్కర్లేదు. వచ్చే నెల వాడు ఇంకో ఊళ్ళో, ఇంకో గొడవలో ఉంటాడు. సంపాదించిందంతా దారిలోనే తగలేసి, సంతకెళ్ళి వచ్చిన తాగుబోతులా ఖాళీ జేబుతో ప్రతి కథా మొదలుపెడతాడు. రాసేవాడికి ఇది సౌకర్యం నిజమే. కానీ చదివేవాడికి అంతకన్నా ఎక్కువ సౌకర్యం.

అదే రోజుల్లో అదే మార్వెల్ వేసిన సూపర్‌హీరోల్ని పక్కన పెట్టి చూడండి. ఇంటద్దె కట్టలేదు, పెద్దమ్మకి ఒంట్లో బాగోలేదు, చేయని తప్పుకి పోలీసులు వెతుకుతున్నారు, ఆ కథ సగం ఇంకో పుస్తకంలో ఉంది, అదీ కొనుక్కోవాలి. అవి మంచివి కావని కాదు. కానీ అవి మన ఇంటి గొడవల్నే మారువేషంలో తీసుకొస్తాయి. కోనన్ లోకం ఆ మిగతా వీరులకు వేలకొద్దీ ఏళ్ళ వెనక, దాదాపు విడిగా ఉండిపోయింది. లోకాన్ని కాపాడాల్సిన భారం వాడి మీద ఎవరూ పెట్టరు. వాడికి కావలసింది ఆ రాత్రికి తిండి, మత్తు, ప్రాణాలతో ఊరు దాటడం.

దేవుడి దగ్గర కూడా అంతే. కోనన్ కొలిచే క్రోమ్ కొండ మీద కూర్చుని ఉంటాడు, ఎవరి మొరా వినడు. పుట్టినప్పుడు బలం, మొండితనం ఇచ్చాడు, అక్కడితో సరి. మొక్కులు లేవు, మొక్కు తీర్చలేదన్న భయమూ లేదు. చచ్చాక ఏమవుతుందో కోనన్‌కి తెలీదు, తెలుసుకోవాలన్న తపనా లేదు. భక్తుడిగా నాకు ఇది నచ్చదు. పడుకునే ముందు అరగంట మాత్రం బ్రహ్మాండంగా నచ్చుతుంది.

మీరు ప్రత్యేకంగా నలుపు తెలుపు పత్రిక గురించి అడిగారు కాబట్టి నా వృత్తి వైపు నుంచి కాస్త చెబుతాను. ‘సావేజ్ స్వోర్డ్ ఆఫ్ కోనన్’ 1974లో మొదలై 1995 దాకా 235 సంచికలు వచ్చింది. రంగుల కామిక్‌కి (ఇందాకటి ‘కోనన్ ది బార్బేరియన్’) అప్పట్లో కామిక్స్ కోడ్ అనే సెన్సారు వాళ్ళ ముద్ర ఉండాలి, నెత్తురు ఇంతకు మించి చూపకూడదు, ఇలాంటి లెక్కలుండేవి. పెద్ద సైజు పత్రికకు ఆ బెడద లేదు. కానీ నన్ను అడిగితే తేడా నెత్తుట్లో లేదు, తీరుబడిలో ఉంది. పేజీలు ఎక్కువ, రంగు లేదు, గీతే అన్నీ చెప్పాలి.

బ్యుసెమా 1973లో 25వ సంచికతో రంగుల పుస్తకానికి వచ్చాడు, తర్వాత పత్రికకూ వేశాడు. సూపర్‌హీరోలంటే ఆయనకు గిట్టదు, ఆ మాట దాచుకోలేదు కూడా. కోనన్ అంటే ప్రాణం. ఆయన పేజీ తీసి మనుషుల కాళ్ళు చూడండి, మొహాలు తర్వాత. పాదాలు నేల మీద ఆని ఉంటాయి. బరువు ఏ కాలి మీద ఉందో తెలుస్తుంది. గది ఎంత, తలుపు ఎటు, ఎవడు ఎవడికి ఎంత దూరంలో ఉన్నాడు, ఇవేవీ వెతుక్కోనక్కర్లేదు. కళ్ళు తడబడకుండా గడి నుంచి గడికి వెళ్ళిపోతాయి. ఎంత పెద్ద యుద్ధమైనా పేజీ మాత్రం గొడవ పడదు. కొత్త కామిక్స్‌లో గడులు వంకర్లు తిరిగి, మనుషులు చట్రాల్లోంచి బయటికి దూకుతుంటే చదివే కన్ను అలసిపోతుంది. బ్యుసెమా దగ్గర అలసట మనకు రాదు, ఆయనే పడ్డాడు.

ఆ పెన్సిలు మీద సిరా వేసినవాళ్ళలో ఫిలిప్పీన్స్ చిత్రకారుడు అల్ఫ్రెడో అల్కాలా ఒకడు. సన్న కలంతో గీత పక్కన గీత, దాని మీద అడ్డగీత, కండ మీద, రాతి మీద, పొగ మీద కూడా. పాత చెక్కడపు బొమ్మల్లా ఉంటాయి. తన పెన్సిలు అందులో మునిగిపోయిందని బ్యుసెమాకి అల్కాలా సిరా నచ్చేది కాదు. సాటి పనివాడిగా ఆయన కోపం న్యాయమే అంటాను. పాఠకుడిగా మాత్రం నాకు అల్కాలాయే కావాలి. ఇందాకటి ఏనుగు కథనే థామస్ 1977లో పత్రిక 24వ సంచికకు మళ్ళీ రాస్తే వీళ్ళిద్దరూ వేశారు. స్మిత్ వేసినదాన్ని, దీన్ని పక్కపక్కన పెట్టుకుని చూడండి. స్మిత్ బొమ్మ అందంగా ఉందనిపిస్తుంది. ఇక్కడ చీకటికి బరువుంది, ఒక్కో బొమ్మ దగ్గరా కన్ను ఆగుతుంది, చదివే వేగం తగ్గుతుంది, దాంతో ఊపిరి కూడా నెమ్మదిస్తుంది. మీకు నిద్ర వస్తున్నది ఇక్కడే అని నా అనుమానం.

ఇంకో తేడా కూడా ఉంది. రంగుల పుస్తకంలో థామస్ కోనన్ వయసుని వరసగా నడిపించాడు. పత్రికలో ఆ వరస లేదు, ఈ నెల కుర్ర దొంగ, వచ్చే నెల రాజు. ఏ సంచిక చేతికొస్తే అది చదవొచ్చు. పేవ్‌మెంటు మీద కొనుక్కునే నాలాంటివాళ్ళ కోసమే పెట్టినట్టుంటుంది ఆ పద్ధతి.

మన తెలుగువాళ్ళకి ఈ రుచి కొత్తేమీ కాదు, అదొకటి మీ ఇంట్లో చెప్పి చూడండి. ‘చందమామ’లో 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన సీరియళ్ళు, వాటికి చిత్రా గారి బొమ్మలు, అవన్నీ కత్తీ మంత్రమూ కలిసిన కథలే. ఎముకలు, పుర్రెలు, మాంత్రికులు, గండభేరుండాలు, శిథిలాలయాలు. వాటిని చదివి మన ముందు తరం హాయిగా నిద్రపోయింది, ఎవరూ ఏమీ అనలేదు. ఒక్క తేడా ఉంది. వాటిలో ప్రతి నెలా హీరోని సరిగ్గా కొండ అంచున వదిలేసి “ఇంకా ఉంది” అని పెట్టేవారు. ఆ నెల రోజుల బెంగ కూడా ఒక సుఖమే, కాదనను. కోనన్‌లో ఆ బెంగ బాగా తక్కువ.

వీరుడి పుట్టుకలో కూడా పోలిక కనబడుతుంది. ‘పాతాళ భైరవి’లో రాముడు తోటమాలి కొడుకు, కోనన్ కమ్మరి కొడుకు. ఇద్దరికీ మంత్రం రాదు, మంత్రం వచ్చినవాడితోనే తగాదా. అయితే మన రాముడికి రాకుమారి కావాలి, మేడ కావాలి. రాజ్యం దక్కాక కోనన్‌కి తలనొప్పి తప్ప ఏమీ మిగల్లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ఈ హాయి అందరికీ ఒకేలా అందదు. హోవార్డ్ 1930ల నాటి టెక్సస్ మనిషి. నల్లజాతి వాళ్ళ గురించి ఆయన రాసిన కొన్ని వాక్యాలు ఇవాళ చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. కామిక్స్ కొంత కడిగాయి గానీ మరక పూర్తిగా పోలేదు. ఆడవాళ్ళయితే చాలా అట్టల మీద గొలుసులతో కోనన్ కాళ్ళ దగ్గరే ఉంటారు. రెడ్ సోన్యా అనే కత్తి వీరురాలు 1973లో రంగుల పుస్తకం 23వ సంచికలో మొదటిసారి వచ్చినప్పుడు ఒంటి నిండా ఇనుప గొలుసు చొక్కా తొడుక్కుని సైన్యాన్ని నడిపిన మనిషి. మరుసటి ఏడాది పత్రికకు ఎస్టబన్ మరోటో వేసిన బొమ్మతో ఆ చొక్కా కాస్తా నాలుగు బిళ్ళలైపోయింది, ఇప్పటికీ చాలావరకు అలాగే ఉంది. ఇంట్లో వాళ్ళు పుస్తకం అట్ట చూసి మొహం చిట్లిస్తే వాళ్ళది తప్పనకండి.

ఇక మన దేశం విషయంలో కోపం కన్నా నవ్వొస్తుంది. హోవార్డ్ చరిత్ర పేర్లనే కాస్త వంచి పటం గీసుకున్నాడు. ఈజిప్టు లాంటిది స్టిజియా, మనది వెంధ్య. ‘పీపుల్ ఆఫ్ ది బ్లాక్ సర్కిల్’ కథలో వెంధ్య రాజు పేరు భుండా చంద్. ఆ పేరు ఎక్కడ విన్నాడో ఆ దేవుడికే తెలియాలి. కానీ ఆ రాజు చెల్లెలు యాస్మినా దేవి ఉందే, కోనన్ కథల్లో అంత బుర్ర ఉన్న మనిషి అరుదు. చివర్లో కోనన్‌తో పోదు. రాజ్యం చూసుకోవాలని వెనక్కి వెళ్ళిపోతుంది, వాడికి అది అర్థమవుతుంది కూడా. 1976, 77ల్లో పత్రిక 16 నుంచి 19 సంచికల దాకా థామస్, బ్యుసెమా, అల్కాలా ముగ్గురూ కలిసి దీన్ని చేశారు. ఈ పత్రికలో ఒక్కటే ఉంచుకోమంటే నేను ఉంచుకునేది అదే.

ఏం చదవాలన్నారు కదా. ఏనుగు కథ రెండు రూపాలూ, తర్వాత ఈ వెంధ్య కథ. స్మిత్ చెయ్యి పూర్తిగా తిరిగాక వేసింది చూడాలంటే ‘రెడ్ నెయిల్స్’. అది 1973లో ‘సావేజ్ టేల్స్’ అనే ఇంకో పత్రికలో మొదలైంది. పాత పత్రికలు దొరకవు, దొరికినా అట్టలూడిపోయి ఉంటాయి, కాబట్టి సంకలనాలు కొనుక్కోండి. లావుపాటి ఆమ్నిబస్‌లు చూడ్డానికి బాగుంటాయి గానీ పడుకుని చదవడానికి పనికిరావు, గుండెల మీద పెట్టుకుంటే ఊపిరాడదు. టాబ్లెట్‌లో చదివితే నలుపు తెలుపు బాగానే వస్తుంది. కొత్తవాటిలో డార్క్ హార్స్ అనే ప్రచురణ సంస్థ 2003లో మొదలుపెట్టిన వరసలో కర్ట్ బ్యూసిక్, కేరీ నోర్డ్ చేసిన సంచికలు బాగుంటాయి. 2023 నుంచి టైటన్ అనే సంస్థ వేస్తున్నదాంట్లో రాబ్ డి లా టోరే గీత బ్యుసెమాకి మొక్కినట్టే ఉంటుంది. కానీ ఇవి రెండూ కథల్ని ఒకదానికొకటి ముడేస్తాయి. అంటే బాకీ మళ్ళీ మొదలు. పగలు చదువుకోవడానికైతే అభ్యంతరం లేదు.

నవ్వుకోవాలనుంటే సెర్జియో అరగొనెస్ వేసిన ‘గ్రూ’ చూడండి. 1982లో మొదలైంది. కోనన్‌ని వెక్కిరించడానికే పుట్టిన మందబుద్ధి వీరుడు. ఎక్కడ అడుగు పెడితే అక్కడ ఊరు తగలబడుతుంది, వాడికి మాత్రం ఎందుకో అర్థం కాదు. ప్రతి బొమ్మలో మూల మూలలా కోళ్ళూ కుక్కలూ జనమూ. మీ ఆవిడ చేతికి ముందు ఇది ఇవ్వండి.

ఒకటి మాత్రం రాత్రి పెట్టుకోకండి. రంగుల పుస్తకంలో 58 నుంచి 100వ సంచిక దాకా బెలిట్ కథ. ఓడదోపిడీ రాణి, కోనన్ నిజంగా మనసిచ్చిన మనిషి. 1934లో అచ్చయిన హోవార్డ్ కథలో ఆమె చనిపోతుందని అప్పటి పాఠకుల్లో చాలామందికి తెలుసు. థామస్ ఆ ఒక్క కథ మధ్య ఖాళీలో 1976 నుంచి 1979 దాకా మూడున్నరేళ్ళు వాళ్ళిద్దర్నీ కలిపి తిప్పాడు. పోతుందని తెలిసిన మనిషితో అన్ని నెలలు సముద్రం మీద తిరగడం. 100వ సంచికలో ఓడని తగలబెట్టి కోనన్ ఒడ్డున నిలబడతాడు. ఈ ఒక్క కథ దగ్గర నేను చెప్పిన సూత్రమంతా తప్పిపోతుంది, పుస్తకం మూసినా అది మిమ్మల్ని వదలదు. ఏ రెండో శనివారమో మధ్యాహ్నం భోజనాలయ్యాక తీయండి, మర్నాడు కౌంటరు ఉండదు.